ఇరాన్ వాస్తుశిల్పి కమ్రాన్ దీబా కట్టడాల వెంట: టెహ్రాన్‌లో టోపీ, షూష్తర్‌లో మర్యాద

టెహ్రాన్‌లో ఫిర్దౌసీ వీధి చుట్టుపక్కల గది తీసుకునేవాళ్లు అద్దె డాలర్లలో కట్టాలా, తొమాన్లలో (ఇరాన్‌లో జనం లెక్కపెట్టే డబ్బు) కట్టాలా అన్నది బయలుదేరే ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆంక్షల వల్ల మన బ్యాంకు కార్డులు ఇరాన్‌లో పనిచేయవు, రొక్కం మోసుకుపోవాల్సిందే. మేం దిగిన హోటలువాళ్లు ఫోనులో రాత్రికి 30 డాలర్లన్నారు. అర్ధరాత్రి దాటాక వెళ్లి నిలబడితే, పాస్‌పోర్టులు తీసుకుని సొరుగులో పడేసి, అద్దె 18 లక్షల తొమాన్లన్నారు. తొమాన్లు లేవా, పరవాలేదు, డాలర్లు మేమే మారుస్తామన్నారు. వాళ్ల లెక్కలో డాలరుకు 48 వేల తొమాన్లు. అది 2024 సెప్టెంబరు. అదే వీధిలో వరసగా ఉన్న మారకపు దుకాణాల్లో 60 వేలు ఇస్తున్నారని మర్నాడు పొద్దున తెలిసింది. అంటే గది 37 డాలర్ల 50 సెంట్లకు పడింది, రాత్రికి ఆరువందల రూపాయలకు పైగా టోపీ. మిగతా రోజులకు తొమాన్లే ఇస్తానంటే, మొత్తం ముందే కట్టేశారు కదా అని హోటలువాడు చిరునవ్వుతో రసీదు చూపించాడు. మడత పడిందని ఒక వంద డాలర్ల నోటు కూడా వెనక్కి తోశాడు. ఇంత జరిగాక అద్దెలోనే కలిసి ఉందన్న ఫలహారం ఏమిటయ్యా అంటే ఒక ఉడికించిన గుడ్డు, చల్లారిన రొట్టె, అగ్గిపెట్టెంత చీజ్ ముక్క.

మా ఆవిడకు అప్పటికే కోపం. "ఇరాన్ దాకా వచ్చి ఇస్ఫహాన్ వదిలేసి ఈ కాంక్రీటు గోడలేమిటండీ" అని. నేను వెళ్లింది కమ్రాన్ దీబా కట్టినవి చూడటానికి. ఆయన 1937లో టెహ్రాన్‌లో పుట్టి, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదివి, 1960ల నడిమిలో తిరిగి వచ్చాడు. అప్పటి ఇరాన్ రాజు షా భార్య, రాణి ఫరా పహ్లవీకి దగ్గరి బంధువు. చుట్టరికం వల్లే పెద్ద పనులు దక్కాయని దెప్పేవాళ్లు ఉన్నారు. దక్కి ఉండవచ్చు. అయితే దక్కినదాన్ని ఇంత బాగా వాడుకున్న చుట్టాలు ఎందరు?

లాలే పార్కు పక్కనున్న సమకాలీన కళల మ్యూజియం 1977లో తెరిచారు. కట్టినవాడూ, తొలి సంచాలకుడూ ఆయనే. కప్పు మీద లేచి నిలిచిన వెలుతురు గూళ్లు చూడగానే యజ్ద్, కాషాన్‌లలో ఇళ్లను చల్లబరిచే గాలిగోపురాలు గుర్తొస్తాయి. అక్కడ గాలిని పట్టేవి, ఇక్కడ ఎండను వడకట్టి లోపలికి దింపుతాయి. తలుపు దాటగానే మెట్లకు బదులు మెలికలు తిరుగుతూ కిందికి జారే వాలుదారి. దాని అడుగున జపాన్ కళాకారుడు నొరియుకి హరగుచి పెట్టిన ఉక్కు తొట్టె, నిండా నల్లటి నూనె. అది ఎంత నిశ్చలంగా ఉంటుందంటే, పైకప్పు, దీపాలు, వంగి చూసే మన ముఖం అన్నీ అందులో తలకిందులుగా కనిపిస్తాయి. నాకు ముందు అది నల్లరాయి పలక అనిపించింది, వాసన తగిలాక గానీ నూనె అని నమ్మలేదు. ఈ మ్యూజియంలోని పికాసోలు, పొలాక్‌లు కొన్నది చమురు డబ్బుతోనే. 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత ఆ పాశ్చాత్య చిత్రాల్లో చాలావాటిని ఏళ్ల తరబడి నేలమాళిగలో దాచారు. మా ఆవిడ ఆ తొట్టె దగ్గర నాకంటే ఎక్కువసేపు నిలబడింది.

పక్కనే పార్కులో ఆయన కట్టిన చిన్న నమాజు గది ఉంది, టిక్కెట్టు లేదు. పైకప్పు లేని కాంక్రీటు పెట్టెలో మరో పెట్టె. బయటిది చుట్టూ ఉన్న దారులకు సరిగ్గా ఉంటే, లోపలిది మక్కా వైపు తిరిగి ఉంటుంది. రెంటి నడుమ మిగిలిన వంకర సందులో నడుస్తుంటే గోడ దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటుంది.

మధ్యాహ్నం దీజీ తిన్నాం, మనిషికి మూడున్నర లక్షల తొమాన్లు, మన డబ్బులో ఐదువందల లోపు. కుండలో వేటమాంసం, శనగలు, బంగాళాదుంప. ముందు పులుసు వంచుకుని రొట్టె తుంచి నానబెట్టుకోవాలి. మిగిలినదాన్ని లోహపు రోకలితో కుండలోనే మెత్తగా దంచుకోవాలి. దంచే పని మా ఆవిడ తీసుకుంది. హోటలువాడి మీది కసి అంతా ఆ శనగల మీద తీరింది.

రైల్లో నైరుతి ఇరాన్‌లోని అహ్వాజ్, అక్కడి నుంచి బస్సులో షూష్తర్. షూష్తర్ కొత్త పట్టణానికి 1986లో వాస్తుశిల్పానికి ఇచ్చే ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. చెరకు పరిశ్రమ ఉద్యోగుల కోసం దీబా 1970లలో దాన్ని రూపొందించాడు. అంతా ఇటుకే. సందులు ఇరుకుగా ఉండటంతో ఒక ఇంటి నీడ ఎదురింటి మీద పడుతుంది. మేడ మీద పడుకునేవాళ్లు పక్కవాళ్ల కంటపడకుండా ఎత్తైన పిట్టగోడలు, వాటిలో గాలి ఆడటానికి ఇటుకల మధ్య కన్నాలు. విప్లవానికి ముందే ఆయన దేశం విడిచాడు, అనుకున్నదంతా పూర్తికాలేదు. ఇప్పుడు పెచ్చులూడిన గోడలూ, కిటికీలకు అతికించిన ఏసీలూ కనిపిస్తాయి. పురస్కారం పొందిన ఊరిని అలా వదిలేసినందుకు నాకు ఒళ్లు మండింది.

బస మాత్రం పాత ఊళ్లో, నీటి మిల్లుల దగ్గరి ఒక ఇంట్లో. రాత్రికి 12 లక్షల తొమాన్లు, అంటే 20 డాలర్లు. ఆ ఇంటామె డాలరు తీసుకుని బజారు ధరకే లెక్కకట్టి చిల్లర ఇచ్చింది. బయట ఎండ 40 డిగ్రీలు దాటితే ఇంటి అడుగున లోతుగా తవ్విన షవాదాన్ అనే గదిలో ఒంటికి చెమట పట్టలేదు. మీరు వెళ్తే నవంబరు నుంచి మార్చి లోపు వెళ్లండి. టెహ్రాన్‌లో ఒక రోజు తగ్గించుకుని అది షూష్తర్‌కు ఇవ్వండి. మడతలేని వంద డాలర్ల నోట్లు మాత్రమే తీసుకెళ్లండి.