కన్వర్ట్ అని చెప్పి ఫార్మాట్ కొట్టారు: హార్డ్‌డిస్క్ ఇచ్చే ముందు ఇది చదవండి

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) మనలో సగం మంది ర్యామ్‌లూ పెన్‌డ్రైవ్‌లూ కొనుక్కునే ఆ మూల షాపు గురించే రాస్తున్నాను. పేరు రాయను, అక్కడికి వెళ్లేవారికి ఈపాటికే అర్థమై ఉంటుంది.

సంగతి చిన్నదే. నా ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మొదటి నుంచీ ఫ్యాట్32లో ఉంది, అంటే డిస్కులో ఫైళ్లను సర్దే ఒక పాత పద్ధతి. మేనకోడలి పెళ్లి వీడియోను స్టూడియోవారు 11 జీబీల ఒకే ఫైలుగా ఇచ్చారు. డిస్కులో 300 జీబీలకు పైగా ఖాళీ ఉన్నా అది ఎక్కలేదు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీల లోపే ఉండాలి కదా. ఆ ఇబ్బంది లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతికి మారిస్తే సరిపోతుందని నాకు తెలుసు. తెలిసిన మనిషివి ఇంట్లోనే ఎందుకు చేసుకోలేదని మీరు అడగవచ్చు. నిన్న రాత్రి నుంచి నన్ను నేను అడుగుతున్నదీ అదే.

కౌంటర్ దగ్గరి కుర్రవాడిని నేను ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను: లోపల ఉన్నది పోదు కదా? “ఎక్కడికీ పోదు సార్, కన్వర్ట్ చేసి ఇస్తాం, నాలుగు వందలు ఇవ్వండి” అన్నాడు. డిస్కు మీద మా ఆవిడ స్వయంగా రాసి అంటించిన “ఫోటోలు, ముట్టుకోవద్దు” అనే చీటీ కూడా ఉంది. దాన్ని చదివి నవ్వాడు కూడా.

సాయంత్రం వెళ్లేసరికి డిస్కును వాళ్ల కంప్యూటర్‌కే తగిలించి చూపించారు. 931 జీబీలలో 890 ఖాళీ! పొరపాటున వేరేవాళ్ల డిస్కు పెట్టారనుకుని కిందికి వంగి చూశాను. చీటీ అలాగే ఉంది. లోపల మాత్రం “న్యూ ఫోల్డర్” అని ఒకటే ఉంది, తెరిస్తే అన్నీ సినిమాలు. ఇవేమిటని అడిగితే ఆ అబ్బాయి ఎంతో ప్రేమగా, “పెద్ద ఫైళ్లు ఎక్కుతున్నాయో లేదో టెస్ట్ చేశాం సార్, మీకూ పనికొస్తాయని ఉంచేశాం” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది అక్కడే. లోపలివి ఉంచి మార్చే కన్వర్ట్ కాదు, వీళ్లు కొట్టింది ఫార్మాట్. క్విక్ ఫార్మాట్ చేసినంత మాత్రాన డిస్కులోని సమాచారం చెరిగిపోదు. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పాత పట్టిక పోయి కొత్త పట్టిక వస్తుంది, అసలు సరుకు దాని మీద ఇంకొకటి రాసేవరకు అలాగే ఉంటుంది. ఒట్టి ఫార్మాట్‌తో ఆగి ఉంటే చాలా వరకు వెనక్కి తెచ్చుకోగలిగేవాడిని. వీళ్లు ఉచితంగా, అడగకుండా, దయతో 40 జీబీల సినిమాలు తెచ్చి దాని మీద పోశారు. ఆ డిస్కులో మా నాన్నగారి షష్టిపూర్తి వీడియో ఉంది. అక్షింతలు పడుతుంటే కళ్లజోడు తీసి అమ్మ చేతికిచ్చి, అది లేక ఎవరు దండం పెడుతున్నారో తెలియక అందరినీ ఒకే పేరుతో దీవించారు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

యజమానిని పిలవమన్నాను. ఆయన ఫోన్ పక్కన పెట్టకుండానే, “కన్వర్ట్ అన్నా ఫార్మాట్ అన్నా ఒకటే సార్, బ్యాకప్ లేకుండా ఎవరైనా డిస్కు ఇస్తారా?” అన్నారు. ఆ రెండో ముక్క నిజమే, అందుకే మరింత గుచ్చుకుంది. ఆ తరువాత అప్పుడే కొట్టిన బిల్లు నా ముందు పెట్టి, అడుగున “డేటాకు బాధ్యత వహించము” అన్న స్టాంపును పెన్నుతో రెండుసార్లు తట్టి చూపించారు. ఉదయం డిస్కు తీసుకున్నప్పుడు నాకు చీటీ ముక్క కూడా ఇవ్వలేదు. చివరికి, “రికవరీ మేమే చేస్తాం, పన్నెండు వేలవుతుంది” అన్నారు. 400కు పోగొట్టి 12,000కు వెతికిపెట్టే వ్యాపారం బాగుంది. డిస్కు లాక్కుని వచ్చేశాను. నా 400 వెనక్కి అడగడం కూడా మరిచిపోయాను, అంతటి తెలివైనవాడిని.

ఇంటికి వచ్చాక దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, దొరికినవన్నీ ఇంకో డిస్కులో పడేటట్టు పెట్టి, పోయిన ఫైళ్లను వెతికితెచ్చే ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ నడుపుతున్నాను. ఫోటోలు వస్తున్నాయి గానీ పేర్లూ ఫోల్డర్లూ లేవు, అన్నీ అంకెలే. ఏది ఏ సంవత్సరానిదో ఒక్కొక్కటి తెరిచి చూడాల్సిందే. షష్టిపూర్తి వీడియో మూడు ఫైళ్లలో ఇప్పటికి ఒకటే దొరికింది, అది భోజనాల భాగం.

మీకు ఇదే అవసరం పడితే, ముందు ముఖ్యమైనవి వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఫార్మాట్ లేకుండా మార్చే కన్వర్ట్ కమాండ్ విండోస్‌లోనే ఉంది, దానికి షాపు అక్కర్లేదు. ముందుగా చెక్‌డిస్క్ నడిపి లోపాలు లేవని చూసుకోండి, డిస్కులో కొంత ఖాళీ ఉంచండి. ఒకసారి మారాక తిరిగి ఫ్యాట్32కు రావాలంటే మాత్రం ఫార్మాటే గతి. మ్యాక్‌లో కూడా రాయాలని ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతి కోరుకునేవారికి ఈ కమాండ్ పనికిరాదు, దానికి ఫార్మాట్ తప్పదు. పని నడుస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్‌ను ఛార్జింగ్‌లో ఉంచండి, కేబులు కదపకండి.