రీఫ్ అలల అంచనాను బట్టి బస: శ్రీలంక దక్షిణ తీరంలో హిక్కడువ, మిడిగామ, వెలిగామ

శ్రీలంక దక్షిణ తీరానికి సర్ఫింగ్ కోసం వెళ్లేవారిలో చాలామంది ముందు విమానం టికెట్టు, తరువాత గది, ఆ తరువాత బోర్డు సంగతి చూసుకుంటారు; సముద్రం ఎలా ఉండబోతుందన్న ఆలోచన చివరికి మిగిలిపోతుంది. ఇసుక తీరంలో ఆ పద్ధతితో ఎలాగో గడిచిపోతుంది కానీ రీఫ్ మీద, అంటే పగడపు దిబ్బ మీదో రాతి పలక మీదో అల విరిగే చోట, గడవదు. అక్కడ అడుగున ఉన్న నేల కదలదు కనుక అల దాదాపు ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరులో విరుగుతుంది. మారేవల్లా స్వెల్ (దూరపు తుపానుల దగ్గర పుట్టి వచ్చే అలల వరుస), గాలి, నీటిమట్టం. ఈ మూడింటి అంచనాలను ముందే చదువుకుంటే ఎక్కడ దిగాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఎవరి సాయం తీసుకోవాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. ఫిబ్రవరి చివర మొదలై మార్చిలోకి సాగిన మా ప్రయాణాన్ని ఆ క్రమంలోనే నడిపాము. హిక్కడువలోనూ, అహంగమ–మిడిగామ ప్రాంతంలోనూ, వెలిగామలోనూ ఉండి చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయాలు ఇవి.

ముందుగా ఋతువు సంగతి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఈ తీరం మీదికి సముద్రం వైపు నుంచి వీస్తాయి. దక్షిణార్ధగోళంలో అది శీతాకాలం కాబట్టి పెద్ద స్వెల్ పుట్టేది కూడా ఆ నెలల్లోనే. అయితే ఎదురుగాలికి అల ముఖమంతా చెదిరిపోయి రీఫ్ మీద స్వారీకి పనికిరాకుండా పోతుంది. నవంబరు తరువాత ఈశాన్య గాలి నేల మీదుగా సముద్రంలోకి వీస్తూ అలను నిలబెడుతుంది, కానీ స్వెల్ చిన్నబోతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిరే రోజులు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల మధ్య ఎక్కువగా దొరుకుతాయని నా నమ్మకం. అప్పటికి దక్షిణ మహాసముద్రంలో తుపానులు మళ్లీ బలం పుంజుకుంటూ ఉంటాయి, ఇక్కడి గాలి ఇంకా తిరిగి ఉండదు.

అంచనా పట్టికలో అందరి కన్నూ ముందుగా అల ఎత్తు మీద పడుతుంది. రీఫ్‌కు వెళ్లేవారు దాని పక్కనున్న వ్యవధిని, అంటే ఒక శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య గడిచే సెకన్ల లెక్కను, ముందు చూడాలి. ఒకరోజు పట్టికలో 1.2 మీటర్లు, 9 సెకన్లు అని ఉంది. తరువాత వచ్చిన మరో రోజుకు 0.9 మీటర్లు, 16 సెకన్లు అని ఉంది. ఎత్తును ఎత్తుతో గుణించి, వచ్చినదాన్ని వ్యవధితో గుణిస్తే అలల శక్తి స్థూలంగా తెలుస్తుంది. ఆ లెక్కన రెండు రోజులూ సరిసమానం. అయినా రీఫ్ మీద ఆ రెండు రోజులకూ పోలిక లేదు. లోతైన నీటిలో 9 సెకన్ల అల పొడవు దాదాపు 126 మీటర్లు, 16 సెకన్ల అలది దాదాపు 400 మీటర్లు. తన పొడవులో సగం లోతుకు చేరగానే అలకు అడుగు తగలడం మొదలవుతుంది కనుక, పొడవాటి అల 200 మీటర్ల లోతు నుంచే నేల వాలును బట్టి వంగుతూ, దిబ్బ దగ్గరకు వచ్చేసరికి ఎంతో ఎక్కువగా పైకి లేస్తుంది. మొదటి రోజు మోకాలి నుంచి నడుము ఎత్తు వరకు గజిబిజిగా విరిగిన చోటే, రెండో రోజు తల ఎత్తును దాటిన గోడలు లేచాయి. పట్టికలోని ఎత్తు ఒక్కటే చూసి బోర్డు ఎంచుకున్నవారు ఆ రోజు ఒడ్డునే ఉండిపోయారు.

పట్టికలో చూపే ఎత్తు సాధారణంగా అలలన్నింటిలోనూ పెద్దవైన మూడో వంతుకు సగటు. కొన్ని గంటల పాటు నీటిలో ఉండేవారికి దానికి రెండింతలకు దగ్గరగా ఉండే అల ఒకటి ఎదురుకావడం వింత కాదు. లోతు తక్కువగా ఉండే రీఫ్‌కు బయలుదేరే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం.

మేము మొదట దిగింది హిక్కడువలో. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి తీరం వెంబడి వచ్చే రైలు ఇక్కడికి సుమారు రెండు గంటల్లో చేరుస్తుంది కాబట్టి బోర్డు లేకుండా వచ్చేవారికి ఇది సులువైన మజిలీ. పగడాల కోసం ఇక్కడి సముద్ర భాగాన్ని 1979లో సంరక్షిత ప్రాంతంగా, 2002లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. సర్ఫింగ్ జరిగే మెయిన్ రీఫ్ దానికి కాస్త దక్షిణాన ఉంది. అల ఒక కొన దగ్గర లేచి ఎడమకూ కుడికీ విడిపోతుంది. ఎడమది పొడుగ్గా, తీరుబడిగా సాగుతుంది. రీఫ్ అంటే ఏమిటో తెలుసుకోదలచినవారికి ఇంతకన్నా ఓర్పుగల చోటు ఈ తీరంలో నాకు కనిపించలేదు. ఇబ్బంది ఏమిటంటే, ఇక్కడి తీరం పడమర–నైరుతి దిక్కుకు చూస్తుంది. నేరుగా దక్షిణం నుంచి వచ్చే స్వెల్ ఇక్కడికి చేరాలంటే వంగి రావాలి, వంగేటప్పుడు శక్తి కోల్పోతుంది. అందువల్ల అంచనాలో స్వెల్ వచ్చే దిక్కు 180 డిగ్రీల (నేరుగా దక్షిణం) దగ్గర ఉన్న రోజున హిక్కడువలో అల చిన్నబోయి ఉండగానే, వెలిగామ వైపు రీఫ్‌లు చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు. అది పడమర వైపు జరిగి 210 డిగ్రీలు దాటిన రోజున హిక్కడువకు తన వాటా దక్కుతుంది.

ఇక్కడి గదుల గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. తీరం వెంబడి గాలే (Galle) నగరానికి పోయే గాలే రోడ్డుకు సముద్రం వైపున ఉన్న బసలకు అద్దె ఎక్కువ, బస్సుల హారన్ల మోతా ఎక్కువే. అయినా కిటికీలోంచి మెయిన్ రీఫ్ కనిపించే గది దొరికితే ఆ తేడా ఇచ్చుకోవచ్చు. తెల్లవారగానే లేచి, సెట్టుకూ సెట్టుకూ, అంటే పెద్ద అలల గుంపుకూ గుంపుకూ, మధ్య ఎంత సేపు పడుతోంది, నురగ ఎక్కడ మొదలవుతోంది, అలలు విరగని లోతైన దారి, అంటే చానల్, ఎటు ఉంది అని ఒక అరగంట చూడగలగడం ఏ అంచనా పట్టికా ఇవ్వని మేలు. మేము దిగిన బసవారు సముద్రం కనబడుతుందని చెప్పి ఇచ్చిన గదిలోంచి కొబ్బరి చెట్లూ పక్కింటి డాబా తప్ప మరేమీ కనబడలేదు. అడిగితే మరుసటి రోజు మార్చి ఇచ్చారు. గది తీసుకునే ముందే ఏ దిక్కుకు కిటికీ ఉందో అడగడం, వీలైతే ఆ కిటికీలోంచి తీసిన ఫోటో పంపమనడం మంచిది.

హిక్కడువకు ఉత్తరాన ఉన్న పెరలియ గ్రామం దగ్గరే 2004 డిసెంబరు 26న సునామీ ఒక రైలును ముంచెత్తింది. పగడపు దిబ్బలను సున్నం కోసం తవ్వేసిన చోట్ల నీరు లోపలికి మరింతగా చొచ్చుకువచ్చిందనీ, హిక్కడువలో కాపాడిన దిబ్బ కొంత అడ్డుకట్టగా నిలిచిందనీ తరువాత పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పారు. మన అలకు ఆకారమిచ్చే దిబ్బే వెనకున్న ఊరికి కూడా కాపు అని తెలిశాక, నీళ్లలో నిలబడవలసి వచ్చినా పగడం మీద కాలు మోపడానికి మనసు ఒప్పదు.

మేము హిక్కడువలో ఉండగానే అంచనాల్లో ఒక పెద్ద మార్పు కనిపించింది. దక్షిణార్ధగోళంలో 45 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల ఒక బలమైన తుపాను, దాని నుంచి ఉత్తరానికి బయలుదేరిన స్వెల్. 16 సెకన్ల అలల గుంపు గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంత దూరం నుంచి శ్రీలంకకు చేరడానికి దానికి అయిదు రోజుల పైమాటే. ముందే దొరికే ఈ గడువు యాత్రికుడికి నిజంగా ఒక వరం. దిక్కు నేరుగా దక్షిణమని తేలడంతో హిక్కడువ గదిని వదులుకుని, మిడిగామలో గది మాట్లాడుకుని, తొందర లేకుండా 50 కిలోమీటర్ల లోపు దూరాన్ని రైల్లో దాటాము. పొడవైన వ్యవధి గల అలలు వేగంగా కదులుతాయి కనుక మొదటి రోజు వచ్చేవి అవే. సెట్లు పెద్దవి, కానీ అరుదు. పావుగంట సేపు సముద్రం నిద్రపోతున్నట్టు ఉండి, ఆ తరువాత వరుసగా నాలుగైదు గోడలు లేస్తాయి. ఒడ్డు నుంచి రెండు నిమిషాలు చూసి ‘ఇవాళ ఏమీ లేదు’ అనుకుని నీటిలోకి దిగేవారికి మొదటి రోజు చాలా ప్రమాదకరమైనది. రెండో రోజుకు వ్యవధి 14 సెకన్లకు తగ్గి, అలలు ఎడతెగకుండా వస్తాయి. నా లెక్కలో ఆ రోజే అన్నింటికన్నా మేలైనది.

అహంగమ నుంచి మిడిగామ దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లలో రీఫ్‌లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కబలానలో ‘ది రాక్’ అనే చోట అల బలంగా లేచి రెండు వైపులా తెరుచుకుంటుంది. మిడిగామలో లేజీ లెఫ్ట్, లేజీ రైట్ అనేవి పేరుకు తగ్గట్టే నెమ్మదిగా సాగేవి. వాటి పక్కనే ఉన్న రామ్స్ మాత్రం పూర్తిగా వేరు. రాతి పలక మీద నీరు చాలా పలుచగా ఉంటుంది, అల నిటారుగా లేచి గుల్లగా, అంటే లోపల గొట్టంలా ఖాళీ వదులుతూ, విరుగుతుంది. అనుభవం ఉన్నవారు తప్ప మరెవరూ అక్కడికి పోకూడదని నేను కచ్చితంగా చెబుతాను. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతు ఉన్న చోట విరుగుతుంది; అంటే మీటరున్నర అల విరిగేచోట నీరు రెండు మీటర్లే, అల ముందున్న నీటిని తనలోకి లాక్కున్నాక అదీ ఉండదు. శ్రీలంకలో పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరు కూడా ఉండదు కాబట్టి నీటిమట్టాన్ని పట్టించుకోనక్కరలేదని కొందరంటారు. ఇసుక తీరంలో ఆ మాటను ఒప్పుకోవచ్చు. రామ్స్ వంటి చోట ఒక్క జానెడు నీరు తగ్గినా రాయి బయటపడుతుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుపాట్ల తేడా పెరుగుతుంది. పౌర్ణమి శ్రీలంకలో పోయ పేరుతో సెలవు కూడా కావడం వల్ల, నీరు బాగా తగ్గే ఆ రోజునే లైనప్‌లో, అంటే అల కోసం కాచుకునే చోట, జనం కూడా పెరిగారు.

గాలి విషయంలో ఇక్కడ ఒక నియమాన్ని నమ్ముకోవచ్చు. తెల్లవారుజామున నేల చల్లగా ఉండటం వల్ల గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు సాగుతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక అది తిరగబడుతుంది. ఈ మార్పు చాలా రోజుల్లో ఉదయం పది, పదకొండు గంటల మధ్య జరిగింది. కనుక ఫలహారం ఎప్పుడు పెడతారన్నదాని కంటే, పొద్దు పొడవకముందే గేటు తీస్తారా అన్నదాన్ని బట్టి బసను ఎంచుకోవాలి. మిడిగామలో మేమున్న చిన్న ఇంట్లో చీకటితోనే టీ ఇచ్చేవారు, బోర్డులు కడుక్కోవడానికి మంచినీటి కుళాయి, నీడలో వాటిని ఆరబెట్టే స్థలం ఉండేవి. గది మామూలుదే. ఏసీ పనితీరు అంతంతమాత్రమే. అయినా ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన బస అదే.

వెలిగామ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వంపు తిరిగిన అఖాతం, ఇసుక అడుగు, మెత్తని అలలు. నేర్చుకునేవారికి ఇదే సరైన చోటు, శిక్షకులూ బోర్డులూ కావలసినన్ని. పెద్ద స్వెల్ వచ్చిన రోజున రీఫ్‌ల మీదికి వెళ్లలేనివారికి ఈ అఖాతం తలదాచుకునే చోటు అవుతుంది. కుటుంబంలో ఒకరు రీఫ్‌కు, మిగిలినవారు ఇసుకకు వెళ్లేటట్టయితే ఇక్కడే దిగి, అయిదారు కిలోమీటర్ల దూరంలోని మిడిగామకు త్రీవీలర్‌లో వెళ్లి రావచ్చు; చాలా త్రీవీలర్ల పైకప్పు మీద బోర్డులు కట్టే కమ్మీలుంటాయి.

అంచనాలు చెప్పే సేవలనూ బసలను తూచినట్టే తూచాలి. సర్ఫ్‌లైన్ అనే వెబ్‌సైట్ ఒక్కో రీఫ్‌కు విడిగా అంచనా ఇస్తుంది. 2023లో మ్యాజిక్‌సీవీడ్ అనే మరో సేవ అందులో కలిసిపోయిన తరువాత చాలామందికి అదే ఆధారం. గాలి కోసం నేను విండీ అనే వెబ్‌సైట్‌ను చూశాను. వాతావరణాన్ని కంప్యూటర్ లెక్కలతో ముందే చెప్పే నమూనాల్లో అమెరికాదైన జీఎఫ్ఎస్, ఐరోపాదైన ఈసీఎండబ్ల్యూఎఫ్ రెండూ అందులో పక్కపక్కన కనబడతాయి. రెండూ ఒకే మాట చెబితే ధైర్యంగా ఏర్పాట్లు చేసుకోవచ్చు, వేర్వేరుగా చెబితే గది డబ్బు ముందే కట్టకుండా ఆగడం మేలు. ప్రపంచమంతటినీ గడులుగా విడదీసి లెక్కవేసే ఈ నమూనాల్లో ఒక్కో గడి సాధారణంగా కొన్ని కిలోమీటర్ల నుంచి పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది; వంద మీటర్ల రీఫ్ అందులో కనబడదు. మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా హిందూ మహాసముద్రానికి అలల అంచనాలు ఇస్తుంది. దక్షిణం నుంచి వచ్చే పొడవాటి స్వెల్ గురించి కేరళ, తమిళనాడు తీరాలకు అది హెచ్చరిక జారీ చేసినప్పుడు, శ్రీలంక రీఫ్‌లకు వెళ్లేవారు కూడా దాన్ని తప్పక చదవాలి.

గైడ్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. మంచి గైడ్ ఎవరో తెలుసుకోవడానికి నేను వేసిన ప్రశ్న ఒక్కటే: ‘రేపు ఏ రీఫ్‌కు, ఎందుకు?’ ఒకరు ఎప్పుడూ వెళ్లే చోటి పేరే చెప్పారు. మిడిగామలో దొరికిన వ్యక్తి దిక్కు, వ్యవధి, నీరు తగ్గే గంట చెప్పి, ఆ తరువాత నా స్థాయి ఏమిటని అడిగి, రామ్స్‌కు తీసుకుపోనన్నారు. ఆయననే పెట్టుకున్నాము. అద్దె బోర్డులు చాలా చోట్ల దొరుకుతాయి. బోర్డు అడుగునున్న ఫిన్ల బిగింపు, బోర్డును కాలికి కట్టే లీష్ తాడు చీలికలు, గతంలో అతికిన చోట్లు చూసి, అప్పటికే ఉన్న దెబ్బల ఫోటోలు తీసుకున్న తరువాతనే డబ్బు ఇవ్వండి. రాతికి తగిలి ఒళ్లు చీరుకుంటే మంచినీటితో బాగా కడిగి, పగడపు ముక్కలేవీ లోపల మిగలకుండా తీసి, మందు రాయాలి. ఈ వేడిలో చిన్న గాయమూ త్వరగా చీము పడుతుంది. లోతైన గాయమైతే గాలేలోని కరాపిటియ ఆసుపత్రి దక్షిణ ప్రాంతమంతటికీ పెద్ద దిక్కు.

మళ్లీ వెళ్తే మార్చి రెండో వారంలో దిగి, మొదటి కొద్ది రోజులకే గది మాట్లాడుకుని, మిగతాది స్వెల్ దిక్కు తెలిశాక తేల్చుకుంటాను. ఏప్రిల్ 13, 14 తేదీల చుట్టూ సింహళ, తమిళ నూతన సంవత్సరానికి రైళ్లు కిక్కిరిసిపోతాయి, చాలా దుకాణాలు మూసేస్తారు. ఆ వారంలో ఉండదలచినవారు బోర్డునూ బసనూ ముందే ఖాయం చేసుకోవాలి.