నోమ్ విజార్డ్ రెసిన్ బొమ్మ: ముఖం అద్భుతం, చేతికర్ర మాత్రం బలహీనం

టేబుల్ మీద బొమ్మలతో ఆడే ఫాంటసీ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నోమ్ అనే పొట్టి జాతివాళ్ల ఎత్తు మూడు నాలుగు అడుగులే, ఈ బొమ్మ ఆ జాతి మంత్రగాడిది (విజార్డ్). మామూలు మనిషి బొమ్మ దాదాపు 28 మి.మీ. ఉండే స్కేలులో, టోపీ పక్కన పెడితే, బొమ్మ 18 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ముక్కు, గడ్డం, మంత్రాల పుస్తకం అన్నీ ఆ కాస్త ఎత్తులోనే తెలియాలి. హనుమకొండలోని ఒక త్రీడీ ప్రింటింగ్ షాపులో చేయించిన ఈ బొమ్మలో తెలుస్తున్నాయి. గడ్డం పాయలుపాయలుగా విడిపోయింది, పుస్తకం అంచున కాగితాల గీతలు కూడా పడ్డాయి. టోపీ వెనక్కి వాలి ఉండటం ఇంకా మంచిదైంది. ఆడేవాళ్లు బొమ్మను పైనుంచే చూస్తారు కదా, వెడల్పు అంచు టోపీ అయితే ముఖమే కనబడదు.

ఆర్డర్ ఇచ్చే ముందు రెసినా (వెలుతురుకు గట్టిపడే ద్రవం), పీఎల్ఏనా (కరిగించి పొరలుగా పేర్చే ప్లాస్టిక్) అని అడగండి. కాలేజీ ప్రాజెక్టులకు వాడే పీఎల్ఏ మెషీన్ మీద ప్లాస్టిక్ బయటికొచ్చే 0.4 మి.మీ. నాజిల్‌తో తీస్తే ఈ సైజులో కళ్లూ ముక్కూ కలిసి ముద్దైపోతాయి. రెసిన్‌లో పొర మందం 0.05 మి.మీ. దాటొద్దు. బొమ్మను వెనక్కి వాల్చి, సపోర్టులన్నీ (ప్రింటయ్యేటప్పుడు బొమ్మను ఆపే సన్నని పుల్లలు) వీపు మీద, అంగీ కింద వచ్చేలా పెట్టమనండి. ముక్కు మీద సపోర్టు మచ్చ పడితే, దాన్ని గీకేసరికి ముక్కే పోతుంది.

అసలు లోపం చేతికర్రలో ఉంది. మందం 1 మి.మీ. కూడా లేదు, పైన పెద్ద స్ఫటికం. యూవీ లైట్ కింద ఎక్కువసేపు ఉంచిన రెసిన్ పెళుసెక్కుతుంది, బొమ్మ ఒకసారి పక్కకు పడితే చాలు, అలాంటి కర్ర పిడికిలి దగ్గర విరుగుతుంది. కొంచెం వంగే రకం రెసిన్ పదో వంతు కలపమని అడగండి. విరిగితే పిడికిలిలో సన్నని డ్రిల్‌తో రంధ్రం చేసి, పేపర్ క్లిప్ తీగ దూర్చి, సూపర్ గ్లూతో అతికించి, స్ఫటికాన్ని దాని మీద నిలబెట్టొచ్చు. వంగితే మాత్రం వేడి నీళ్లలో ముంచి, నిటారు చేసి, వెంటనే చల్లనీళ్లలో పెట్టండి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే మళ్లీ వంగుతుంది.

గడ్డం సందుల్లో జిగట కూడా ఉంది. ఆల్కహాల్‌లో సరిగ్గా కడగలేదన్నమాట. సరిగ్గా గట్టిపడని రెసిన్ చర్మానికి మంచిది కాదు కాబట్టి నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే ఎండలో పెట్టండి. తడి మీద పెడితే తెల్ల మచ్చలొస్తాయి.

అడుగుబిళ్ల 25 మి.మీ. ఉంది, సరైనదే. నోమ్ పొట్టివాడైనా ఆట పటం మీద ఐదడుగులుగా లెక్కేసే గడి మొత్తం అతనిదే, బొమ్మ చిన్నది కదా అని షాపువాళ్లు బిళ్లను తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు.

రంగుకు ముందు ప్రైమర్ (రంగు పట్టి నిలవడానికి వేసే తొలి పూత) తప్పనిసరి. వానకాలంలో స్ప్రే వద్దు, గాలిలో తేమకు అది పొడిపొడిగా పట్టి, గడ్డం మీద ఇసుక చల్లినట్టు అవుతుంది. ఆ నెలల్లో బ్రష్‌తో పూసే ప్రైమర్ వాడండి, రెండు పలుచని పూతలు సరిపోతాయి.