పదహారు ఆదివారాల ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు: ఒక గెస్ట్ లెక్చరర్ సమీక్ష

రంగస్థల కళల్లో ఎం.ఏ. చేసి, అయిదేళ్లుగా ఒక డిగ్రీ కళాశాలలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేస్తున్న నేను, హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ నడిపే ‘ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ (అంటే కళా సంస్థల, ప్రదర్శనల నిర్వహణ), లీజర్ ప్రోగ్రామింగ్’ సర్టిఫికెట్ కోర్సులో నిరుడు చేరాను. మొత్తం 16 ఆదివారాలు, 22,000 రూపాయల ఫీజు. ‘విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక వృత్తికి బాట’ అని కరపత్రంలో పెద్ద అక్షరాల్లో వేశారు. నన్ను చేర్చింది ఆ మాటే కనుక ఈ సమీక్షకూ దాన్నే గీటురాయిగా తీసుకుంటున్నాను.

పాఠాల్లో మేలైనవి మేలైనవే. మూడో ఆదివారం, ఏళ్ల తరబడి సభలు నిర్వహించిన ఒక పెద్దావిడ పాత కూచిపూడి ప్రదర్శన తాలూకు జమాఖర్చుల పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెట్టారు. హాలు అద్దె, మైకు, లైట్లు, మేకప్, వాద్య బృందం అంటూ సాగిన పద్దుల్లో, అతిథులకు కప్పిన శాలువాలకూ జ్ఞాపికలకూ అయిన ఖర్చు మృదంగ విద్వాంసుడికి ఇచ్చిన పారితోషికం కంటే ఎక్కువగా ఉంది. జమ వైపు టికెట్ల గడి ఖాళీ. అన్నీ పాసులే పంచారట. ఆ ఒక్క పేజీని మా చేత రెండు గంటలు దిద్దించారు. నాటకం, నృత్యం, కచేరీల టికెట్ 500 రూపాయలు దాటకపోతే దానిపై జీఎస్టీ ఉండదనీ, శాస్త్రీయ, జానపద కళాకారులు ఒక ప్రదర్శనకు తీసుకునే పారితోషికం 1,50,000 రూపాయలు మించనంత వరకు దానికీ మినహాయింపు ఉందనీ, కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద డబ్బు ఖర్చు పెట్టదగిన పనుల జాబితాలో, అంటే 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో, సంప్రదాయ కళల అభివృద్ధి కూడా ఉన్నందున స్పాన్సర్‌కు రాసే లేఖ వేడికోలుతో కాక ఆ అంశంతో మొదలు కావాలనీ నేను మొదటిసారి విన్నది అక్కడే. పదేళ్లుగా నాటకాలు ఆడుతున్నా ఇవేవీ తెలియకపోవడం నాకు కొంత సిగ్గుగానే అనిపించింది.

లీజర్ ప్రోగ్రామింగ్‌కు, అంటే జనం తీరిక వేళలకు కార్యక్రమాలు రూపొందించే పనికి, కేటాయించినవి రెండు ఆదివారాలే. అమెరికాలో పార్కులు, వినోదాల కోసం నగరపాలక సంస్థలకు ప్రత్యేక విభాగాలు ఉంటాయి, వాటిలో కొలువులు ఉంటాయి, అందుకే ఆ చదువుకు విశ్వవిద్యాలయాల్లో శాఖలూ ఉన్నాయి. మన హైదరాబాద్‌లో, ఉదాహరణకు కొండాపూర్ అపార్టుమెంట్లలో, ఆ పని క్లబ్‌హౌస్ కమిటీ చూసుకుంటుంది, లేదా ఈవెంట్ కంపెనీకి అప్పగిస్తుంది. ఈ తేడాను ప్రస్తావించకుండా అక్కడి పట్టికలను ఇక్కడ నింపించడం వల్ల ఆ రెండు తరగతులూ తేలిపోయాయి.

ఇక కరపత్రంలోని మాట సంగతి. ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ బోధించేవారికి అమెరికాలో 1975 నుంచే ఒక సంఘం ఉందని మొదటి రోజు ఘనంగా చెప్పారు. కానీ మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకు పీజీతో పాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) అడుగుతారు; 2023లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చేసిన సవరణ దాన్నే కనీస అర్హతగా ఖరారు చేసింది. నెట్ సబ్జెక్టుల్లో ప్రదర్శన కళలు, మ్యూజియాలజీ, టూరిజం, మేనేజ్‌మెంట్ ఉన్నాయి గానీ ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ పేరుతో సబ్జెక్టే లేదు. కాబట్టి ఈ రంగంలో పాఠం చెప్పాలనుకునేవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ వంటి చోట రంగస్థలంలోనో నృత్యంలోనో పీజీ చేసి, ఆ సబ్జెక్టులోనే నెట్ రాసి, నిర్వహణను పరిశోధనాంశంగా ఎంచుకోవలసి ఉంటుంది. ఆ దారిలో ఈ సర్టిఫికెట్ ఎక్కడ పనికొస్తుందని పద్నాలుగో ఆదివారం నేను అడిగితే, “అవకాశాలు పెరుగుతున్నాయండీ” అన్నారు కోఆర్డినేటర్ గారు. ఈ సర్టిఫికెట్ అధ్యాపక కొలువుకు అర్హత కాదన్న సంగతి చేరేటప్పుడే చెప్పి ఉంటే ఫీజు చెల్లించే ముందు ఆలోచించుకునేదాన్ని.

డాన్స్ స్కూలు నడిపేవారికీ, సభల కార్యదర్శులకూ, అపార్టుమెంటు సాంస్కృతిక కమిటీల వారికీ ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. కొలువు కోసమే అయితే ఆ డబ్బు నెట్ కోచింగ్‌కు పెట్టుకోవడం మంచిది. నా మటుకు నేను ఆ జమాఖర్చుల నమూనాను ఈ ఏడాది మా కళాశాల వార్షికోత్సవానికి వాడాను. శాలువాలు పన్నెండు నుంచి మూడుకు తగ్గాయి, మిగిలిన డబ్బు మృదంగం వాయించిన కుర్రాడి కవరులోకి వెళ్లింది. శాలువా అందని పెద్దలు ఇద్దరు నాతో ఇంకా మాట్లాడటం లేదు.