అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసికి మోషే ధర్మశాస్త్రం: మూడు దారుల్లో ఏది మేలు?

సికింద్రాబాద్‌లో బోనాలకు ముందువారం, మెట్టుగూడలోని ఒక గృహకూటంలో, కొత్తగా బాప్తిస్మం పొందిన ఒక చెల్లెలు లేచి నిలబడింది. "అయ్యగారూ, పక్కింటి పెద్దమ్మ ఏటా అమ్మవారికి మొక్కిన వేట కూర, నల్ల (వేట రక్తంతో వండినది) పంపిస్తది. ఈసారి తినొచ్చా? పంది మాంసం కూడా ముట్టొద్దని ఇంకో సంఘం వాళ్ళు అంటున్నరు, నిజమేనా?" అని అడిగింది. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూర్చుని తేల్చవలసి వచ్చిన ప్రశ్నకూ దీనికీ మూలం ఒకటే: అన్యజనులు, అంటే యూదులు కానివారు, విశ్వాసులైతే మోషే ధర్మశాస్త్రం పాటించాలా? మోషే ఆచారం చొప్పున సున్నతి పొందితేనే రక్షణ అని కొందరు అంతియొకయలో బోధించడంతో ఆ వివాదం పుట్టింది.

మొదటి దారి, ధర్మశాస్త్రమంతా అన్యజనులు కూడా పాటించాలన్నది. దీన్ని తేలికగా తీసివేయకూడదు. యూదులు క్రియలతో రక్షణ కొనుక్కోజూశారని మన ప్రసంగాల్లో తరచు వినబడే మాట వారికి అన్యాయం చేస్తుంది. పది ఆజ్ఞల మొదటి వాక్యమే ఐగుప్తు దాస్యం నుండి విడిపించిన దేవుణ్ణి జ్ఞాపకం చేస్తుంది గనుక, ఆజ్ఞలు ఇచ్చిన సీనాయి కొండ దగ్గర కూడా ముందు వచ్చింది విడుదల, తరువాత వచ్చింది ఆజ్ఞ. అయితే సున్నతి పొందినవాడు ధర్మశాస్త్రం యావత్తు ఆచరించడానికి బద్ధుడని అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాశాడు. యూదుల బోధకులైన రబ్బీల లెక్కలో ఆజ్ఞలు 613. వాటిలో బలులకు సంబంధించినవి క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలిన తరువాత యూదులకే సాధ్యం కాలేదు. కాబట్టి అంతా పాటిస్తున్నామని చెప్పే అన్యజన విశ్వాసి నిజానికి కొన్నింటిని ఏరుకుంటున్నాడు.

రెండవ దారి ఆ ఏరుకోవడానికి ఒక పద్ధతి చూపుతుంది. నైతిక, ఆచార, పౌర విధులని ధర్మశాస్త్రాన్ని మూడుగా విభజించి, మొదటిది మాత్రమే నిలిచి ఉందని చెబుతుంది. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్, 16వ శతాబ్దంలో సంస్కర్త కాల్విన్ ఈ విభజనను బోధించారు. పిల్లలకు పది ఆజ్ఞలు కంఠస్థం చేయించే మన సండే స్కూళ్లకు దీని మేలు తెలుసు. నా ఇబ్బంది ఏమిటంటే, మోషే గ్రంథంలో ఆ గీతలు కనబడవు. లేవీయకాండము 19వ అధ్యాయం తెరిచి చూడండి: 18వ వచనంలో నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించుమని ఉంటుంది, ఆ వెంటనే 19వ వచనంలో రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోకూడదని ఉంటుంది. పది ఆజ్ఞలలోని విశ్రాంతిదినాన్నే ఆదివారానికి మార్చుకున్నాం. శనివారం ఆచరించే అడ్వెంటిస్టు సహోదరులు ఈ విషయంలో మనకంటే నిలకడగా ఉన్నారని ఒప్పుకోవాలి. ఇక దశమభాగం సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది. సున్నతి పోయింది, బలులు పోయాయి అని బోధించే వేదిక మీదనే, నెల మొదటి ఆదివారం కవర్లు పంచి, పదో వంతు ఇవ్వనివాడు దేవుని దొంగిలించినవాడని మలాకీ ప్రవక్త మాటతో భయపెట్టడం నేను చూశాను. అదే ధర్మశాస్త్రం మూడవ యేటి పదో వంతును ఆలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి పెట్టమన్న సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు. సణుగుకొనక, బలవంతముగా కాక ఇవ్వమని పౌలు కొరింథీయులకు రాసిన మాట అన్యజన సంఘానికి చాలదా?

మూడవ దారి, క్రీస్తు రాకతో ధర్మశాస్త్రం నిబంధనగా, అంటే దేవుడు ఇశ్రాయేలుతో చేసిన ఒడంబడికగా, తన గడువు ముగించుకుందని, లేఖనంగా మాత్రం మనతోనే ఉందని చెబుతుంది. గలతీయులకు రాసిన పత్రికలో "బాలశిక్షకుడు" అన్న మాట చదవగానే మనకు పెద్దబాలశిక్ష, బడిపంతులు గుర్తుకు వస్తారు. కాని మూలంలోని గ్రీకు పదం పిల్లవాణ్ణి కనిపెట్టుకుని ఉంటూ బడికి తీసుకువెళ్లి తెచ్చే ఇంటి దాసుణ్ణి సూచిస్తుంది. పిల్లవాడు పెద్దవాడైతే ఆ దాసుని అధికారం తీరిపోతుంది, అతని మీద గౌరవం తీరిపోనక్కరలేదు. ఈ దారిలోనూ ప్రమాదం ఉంది. పాత నిబంధననే పారవేసిన మార్కియోనును రోమా సంఘం సుమారు 144లో వెలివేసింది. కృప ఉంది గనుక ఏమి చేసినా చెల్లుతుందనేవారికి రోమా పత్రిక 6వ అధ్యాయం, యూదులను చులకన చేసేవారికి 11వ అధ్యాయంలోని ఒలీవచెట్టు జవాబు చెబుతాయి. అంటుకట్టబడిన అడవి కొమ్మ సహజమైన కొమ్మల మీద అతిశయపడకూడదు, దాన్ని మోస్తున్నది వేరే.

నా మట్టుకు ఈ మూడవదే మేలు, ఎందుకంటే యెరూషలేము తీర్మానం దీనితోనే సరిపడుతుంది. యూదుడైన విశ్వాసిని యూదుడిగానే ఉండనిచ్చి, అన్యుణ్ణి యూదుడు కమ్మనకుండా, ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికే పెద్దలు విగ్రహార్పితము, రక్తము, గొంతుపిసికి చంపినది, జారత్వము అనే నాలుగింటిని మానమన్నారు.

ఆ రాత్రి అయ్యగారు చెప్పిన జవాబు కూడా ఈ దారిలోనే సాగింది. పంది మాంసం విషయంలో ఏ సంఘమూ ఆమెను బంధించజాలదన్నారు. వేట కూర, నల్ల మాత్రం తినవద్దన్నారు. అది బలి అర్పించినదని ఒకరు చెప్పినప్పుడు, చెప్పినవారి మనస్సాక్షి నిమిత్తం మానమని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. పిల్లలతో కబురు పంపక, పండుగకు ముందే స్వయంగా వెళ్లి, పెద్దమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పమన్నారు. వెళ్లేటప్పుడు ఈ యేటి ఆవకాయ ఒక సీసాడు పట్టుకు వెళతానని ఆ చెల్లెలు అంది.