స్టాక్‌ఫిష్ 6 నాటి నుంచి వాడుతున్నా: నా మాట

చెస్ ప్రోగ్రామింగ్‌లో గొప్ప ఘనత ఏదంటే చాలామంది ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ పేరే చెబుతారు. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించింది, సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. కాదనను. కానీ ఆ యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుని వాడినవాళ్లెవరు? నా ఓటు స్టాక్‌ఫిష్‌కే; ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్ (ఇంజిన్) అది. 2015లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి నా ఆటలన్నీ దానికే చూపిస్తున్నాను.

దీనికి సొంత బోర్డు ఉండదు, వేరే ప్రోగ్రామ్‌లో తగిలించుకోవాలి. మొదటిరోజు అక్కడే తికమకపడ్డాను. అలవాటయ్యాక మర్చిపోయాను.

నాకు నచ్చింది దాని బలం కాదు, ఆ బలం వచ్చిన తీరు. ఎంత పేరున్నవాడు మార్పు రాసి పంపినా 2013లో మొదలైన ఫిష్‌టెస్ట్ అనే పరీక్షా వేదికలో పాత కోడ్‌తో ఆడి నెగ్గాలి. ముందు 10 సెకన్ల ఆటలు, అందులో నిలిస్తే 60 సెకన్ల ఆటలు. ఆడేవి దాతల కంప్యూటర్లు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్న ఆలోచనలు అక్కడ బోల్తాపడతాయి. మొహమాటం లేని పరీక్ష!

2020లో పన్నెండో వెర్షన్‌తో న్యూరల్ నెట్ (ఉదాహరణల నుంచి నేర్చుకుని స్థితిని అంచనా వేసేది) వచ్చింది. జపాన్ చెస్ షోగీ కోసం యు నాసు చేసిన ఎన్‌ఎన్‌యూఈ పద్ధతి అది. ఒక పావు కదిలితే మారిన గళ్ల లెక్కే సరిచేస్తుంది, మొత్తం మళ్లీ చెయ్యదు. అందుకే గ్రాఫిక్స్ కార్డు లేని నా పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది (ఫ్యాన్ మాత్రం రొద పెడుతుంది).

ఇక అసలు తంటా. ఓ రూక్ (ఏనుగు) ఎండింగ్‌లో బంటు తక్కువై చేతులెత్తేశాను. ఇంటికొచ్చి స్టాక్‌ఫిష్‌కు పెడితే 0.00, అంటే సమానం! ఎందుకు డ్రా అన్నది ఏ ఇంజినూ నోరు విప్పి చెప్పదు. ఎత్తులు ఒక్కొక్కటే నడిపించి చూశాను. నా రూక్ (వాళ్ల వైపు నుంచి లెక్కపెడితే) ఆరో వరుసలో కాపలా కాస్తూ వాళ్ల రాజును అడ్డుకోవాలి. వాళ్ల బంటు ఆరో వరుసకు రాగానే నా రూక్ దిగువకు జారి వెనకనుంచి చెక్‌లు ఇవ్వాలి. ఫిలిడోర్ పేరుతో అందరికీ తెలిసిన రక్షణే, నాకు తప్ప.

ఐదుకు నాలుగున్నర. ఇప్పుడు నా ఎత్తులు కాగితం మీద రాసుకున్నాకే స్టాక్‌ఫిష్‌ను ఆన్ చేస్తున్నాను.