పొదుపు పెంచాలంటే: క్లాసులు చెప్పాలా, డీఫాల్ట్ మార్చాలా?

చాలామంది ఉద్యోగులు రిటైర్మెంట్‌కి సరిపడా దాచుకోవడం లేదు. ఒక దారి డబ్బు గురించి క్లాసులు పెట్టడం. రెండోది డీఫాల్ట్ మార్చడం, అంటే అందరినీ ముందే పొదుపు స్కీమ్‌లో చేర్చేసి, వద్దన్నవాళ్లని బయటికి వెళ్లనివ్వడం.

ఖర్చు: క్లాసులకు ట్రైనర్లు, గంటలు, మళ్లీ మళ్లీ. డీఫాల్ట్‌కి ఫారంలో ఒక మార్పు.

శ్రమ: క్లాసులో బుర్ర ఊపి వచ్చిన మనిషి "వచ్చే నెల నుంచి మొదలుపెడతా" అంటాడు, ఆ వచ్చే నెల రానే రాదు. డీఫాల్ట్ సరిగ్గా ఈ బద్ధకాన్నే వాడుకుంటుంది. బ్రిటన్ 2012లో ఇలా మొదలుపెట్టాక కోటి మందికి పైగా పెన్షన్‌లో చేరారు.

రిస్క్: క్లాసుతో పోయేది టైమే. డీఫాల్ట్ జీతంలో 3 శాతం అని పెడితే మాత్రం ఎక్కువ దాచగలిగినవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు, ఇక అప్పుల్లో ఉన్నవాడి జీతంలో కోత పడితే అది సాయం కాదు, టెన్షన్. అందుకే ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ జీతం పెరిగినప్పుడల్లా పొదుపు వాటా పెరిగే పద్ధతి తెచ్చారు. మొదట అమలైన చోట, అందులో చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 నుంచి 13.6 శాతానికి చేరింది.

నెల జీతం, అందరికీ ఇంచుమించు ఒకే అవసరం ఉంటే డీఫాల్టే. ఇంటి లోన్ లాంటివి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి అక్కడ చెప్పాల్సిందే, అదీ సంతకం పెట్టే ముందు వారం. ఏడాది ముందు చెప్తే ఎవరికి గుర్తుంటుంది?